మబ్బుల పిట్ట

సైరన్ మోగింది. గదిలో వాళ్లంతా తడి తువ్వాళ్లు ముక్కులకి కట్టుకుని, పంజరం వైపు చెవులు పెట్టారు.

1991 జనవరి, రియాద్. ఇరాక్ నుంచి వచ్చే క్షిపణుల్లో విషవాయువు ఉంటుందని పుకారు. మాస్కులు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఇంటిల్లిపాదికీ వచ్చాయి. ఆయన ఒంటెకీ వచ్చిందని, అది పెట్టుకుని అద్దం ముందు నుంచి కదలడం లేదని అదే గదిలో ఉండే లింబాద్రి చెప్పాడు. కూలీల క్యాంపుకి మాత్రం పిట్ట వచ్చింది.

అది లింబాద్రి జిద్దాలో, బలద్ బజార్లో కొన్నది. బొటనవేలంత నీలి పిట్ట.

"మబ్బుల్ల ఉండే పిట్ట ఇది. ఇది పుట్టిన కొండల మీద చెట్లకు నాచు గడ్డాలుంటయట. మంగలి కోసం లైను కడ్తయట."

ఏర్పాటు తేలిక. పిట్ట పాడినంతసేపూ గాలి మంచిదే. పాట ఆగితే పరుగే.

లింబాద్రికి మామ వరసైన మొండయ్యకి వణుకు ఆగేది కాదు. ఇంటికి పోదామంటే పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది. పాట వినపడితేనే ఊపిరి పీల్చేవాడు, అన్నం ముట్టేవాడు.

ఆ వారంలోనే లింబాద్రి పంజరం మీద తడి దుప్పటి కప్పేశాడు.

"మబ్బుల పిట్ట మామా. ఈ పొడిగాలి తాకితే సస్తది. ఎవ్వరు గుడ్డ ఎత్తొద్దు."

గింజలు, నీళ్లు అన్నీ తనే చూసుకున్నాడు. సైరన్ మోగితే తల దుప్పటిలో దూర్చి బుజ్జగించేవాడు. పిట్ట గొంతెత్తేది. ఆ పాటకి క్షిపణి సిగ్గుపడి పక్క వీధికి పోతోందని పక్క మంచం రమేష్ అనేవాడు.

"నువ్వు తువ్వాల కట్టుకోవేంది అల్లుడా?" మొండయ్య కసిరేవాడు.

"నా మొకం సూడకుంటె అది పాడది మామా."

లింబాద్రి పెదాలు పగిలి నెత్తురు చిమ్మేవి. చలి అనేవాడు.

యుద్ధం ఆగింది. విషవాయువు రానే లేదు. మరుసటి వారం పనిలో పరంజా విరిగి లింబాద్రి పడిపోయాడు. సాయంత్రానికి క్యాంపుకి అతని చెప్పులే వచ్చాయి.

ఆ రోజు నుంచి పిట్ట నోరు మెదపలేదు.

"దోస్తు పోయిండని దానికి గూడ ఎరికైంది," అన్నాడు రమేష్.

శవపేటిక విమానం ఎక్కిన రోజు మొండయ్య గుప్పెడు గింజలతో పంజరం ముందు కూర్చున్నాడు.

"తినవే తల్లీ. నన్ను బతికిచ్చినవు. నువ్వు గూడ పోతె ఎట్ల?"

మెల్లగా దుప్పటి ఎత్తాడు.

లోపల, లింబాద్రి చేతిరుమాలులో పసిబిడ్డలా చుట్టిపెట్టి, యుద్ధం మొదట్లోనే చచ్చి ఎండిపోయిన నీలి పిట్ట ఉంది.