పట్టని హుక్కు

హుక్కు పట్టలేదు.

హిమజ ఊపిరి బిగబట్టింది. కడుపు వెన్నుకంటుకునేలా లోపలికి లాక్కుంది. అయినా జాకెట్టు అంచుల మధ్య రెండు వేళ్ల ఖాళీ. ఇది నాలుగో ట్రయల్.

"పోయిన శనివారం గిట్లనే ఉండె. ఐదు దినాల సంది అన్నమే ముట్టలే," అంది ఏడుపు ఆపుకుంటూ.

"పోనీలే హిమా. కుట్టు విప్పి వదులు చెయ్యనా? పది నిమిషాల పని," అన్నాడు కమలాకర్.

"వద్దు. నేనే తగ్గుత."

కమలాకర్ ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూమర్. కొత్త పాటలో హీరోయిన్ వెనక ఆడే ఎనిమిది మంది అమ్మాయిలకూ జాకెట్లు కుట్టింది అతనే. వాళ్లలో హిమజ ఒకతె. అతను పెళ్లి చేసుకోబోయే పిల్ల కూడా ఆమే. వారానికో ట్రయల్. అది కాగానే బట్టలు తిరిగి కాస్ట్యూమ్స్ గదికి వెళ్లిపోవాలి, ఇంటికి పట్టుకెళ్లడం కుదరదు. షూటింగ్ నాటికి జాకెట్టు పట్టకపోతే ముందు వరస ఇంకో పిల్లకి పోతుంది. ముందు వరసలో కనబడితేనే మళ్లీ పిలుస్తారు.

డాన్స్ మాస్టర్ అందరి ముందూ "డ్రమ్ము" అన్నాడు. కమలాకర్ మాత్రం ఈ మూడేళ్లలో ఒక్కసారీ ఆమెను లావన్న పాపాన పోలేదు. పైగా యూసుఫ్‌గూడ బజ్జీల బండి దగ్గర స్కూటర్ ఆపి మరీ తినిపించేవాడు. అంత మంచివాడి ముందు ఇంత ఒళ్లేసుకుని నిలబడాలంటే ఆమెకు సిగ్గేసేది. తిన్నదంతా గదికెళ్లి కక్కేసేది.

రెండో ట్రయల్‌కి రాత్రి అన్నం మానేసింది. మూడోదానికి పగటిదీ మానేసింది. రిహార్సల్లో కళ్లు తిరిగి పడింది. దువ్వెన నిండా జుట్టు రాసాగింది.

"ఈ మధ్య భలే కళగా ఉంటున్నావు," అన్నాడు కమలాకర్ ఒకరోజు. ఆ మాట మీదే వారం బతికింది.

తూకం మిషన్ ఏడు కిలోలు తగ్గావంది. జాకెట్టు తగ్గలేదంది. మిషన్లయితే పాడవుతాయి. గుడ్డకేం పని, అబద్ధమాడటానికి?

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో. ఇంకో అరగంటలో షాట్. హుక్కు మళ్లీ పట్టలేదు. కమలాకర్ హీరోయిన్ క్యారవాన్ దగ్గర ఉన్నాడు. సాయానికొచ్చిన పెద్దావిడ, టైలర్ దేవమ్మ చేతులు పట్టుకుంది హిమజ.

"పెద్దమ్మా, జర వదులు చెయ్యి. ఆయనకు చెప్పకు. నాతోని కాలేదని తెలిస్తే బాధపడుతడు."

"పుల్లలెక్క ఉన్నవ్, నీకు పట్టకపోవుడేంది బిడ్డా?"

దేవమ్మ జాకెట్టు తిరగేసింది. కళ్లజోడు సర్దుకుని ఒకటికి రెండుసార్లు చూసింది. దాన్ని అలాగే హిమజ చేతిలో పెట్టింది.

పాత కుట్టుకి లోపలగా, ఒకదాని పక్కన ఒకటి, నాలుగు కొత్త కుట్లున్నాయి: ట్రయల్ అయిన ప్రతిసారీ ఒకటి చొప్పున కమలాకర్ బిగించుకుంటూ వచ్చినవి.