డెబ్బై దగ్గర ఎర్రగీత

“గాలి ఎంత కొట్టావు బాబూ?”

రిత్విక్ తలెత్తి చూశాడు. ఎవరో ముసలాయన. మాసిన ఖాకీ చొక్కా, చేతిలో గాలి కొలిచే మీటరు.

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల పక్కన, మేరీరాణి టీకొట్టు ముందు నలభై సైకిళ్లు బయల్దేరడానికి నిలబడి ఉన్నాయి. అన్నీ సాల్ట్ లేక్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లవి. అందరి చొక్కాల వెనకా ఒకటే పేరు, ఫెలిక్స్. రెండేళ్ల కిందట అతను సైకిల్ మీద ఇక్కణ్ణుంచే బయల్దేరి, ఫ్లైఓవరు దిగుతూ పడి చనిపోయాడు.

అతన్ని చూసినవాళ్లు ఇప్పుడు ఆ గుంపులో ఎవరూ లేరు. ఉద్యోగాలు మారి వెళ్లిపోయారు. ఏటేటా జరిగే ఈ రైడ్‌కి ఆ పేరు మాత్రం మిగిలింది.

“నూరు పాయింట్లు,” అన్నాడు రిత్విక్.

“లోపల ట్యూబుందా?”

“లేదంకుల్. నిన్ననే ట్యూబ్‌లెస్ వేయించా.”

ముసలాయన ముఖం పాలిపోయింది.

“నూరు ట్యూబున్నప్పుడు. దీనికి డెబ్బై దాటకూడదు. తీసీ బాబూ.”

“ఇన్నాళ్లూ నూరే కొట్టా. ఏం కాలేదు.”

“అప్పుడు ట్యూబుంది. ఇప్పుడు గాలెక్కువైతే టైరు రిమ్ముని వదిలేస్తాది.”

“మీది పంక్చర్ల షాపా అంకుల్? అందరూ ట్యూబ్‌లెస్ వేయిస్తే బేరాలు పోతాయనా?”

పక్కవాళ్లు నవ్వారు.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని ముందు చక్రం వాల్వు నొక్కేశాడు. బుస్సుమని గాలి పోయింది. మీటరు పెట్టి చూసుకుని, వెనక చక్రం మీద చెయ్యి వేశాడు.

రిత్విక్ ఆయన్ని భుజం పట్టి తోసేశాడు.

ఆయన రోడ్డు మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది.

“ఏటి బాబూ, పెద్దాయన్ని?” అంది మేరీరాణి కొట్టులోంచి.

విజిల్ వేశారు. మళ్లీ గాలి కొట్టుకునే వ్యవధి లేదు. రిత్విక్ తిట్టుకుంటూనే బయల్దేరాడు.

నలభై కిలోమీటర్ల దగ్గర ఆగినప్పుడు స్నేహితుడు రఘురాం వెనక టైరు నొక్కి చూశాడు.

“ఎంత పెట్టావురా?”

“నూరు. ముందుది ఒక ముసలాయన తీసేశాడు.”

రఘురాం రిమ్ము మీద చిన్న అక్షరాలు చూపించాడు. డెబ్బై రెండుకి మించరాదు.

“వెనకది ఊడకుండా ఎలా వచ్చిందో తెలీదు. ముందుది ఊడితే మాత్రం నువ్వు లేవు.”

వెనక టైరులో గాలి తగ్గించుకుని రిత్విక్ అక్కణ్ణుంచే తిరిగొచ్చేశాడు. టీకొట్టు చేరేసరికి ఎండ ముదిరింది.

“ఆ పెద్దాయన ఏరి?”

“ఎల్లిపోనారు. నిన్ననే క్వార్టరు కాళీ సేసీసారు. మీ సైకిళ్ల కోసం ఇయ్యాల దాకా నా కొట్టు ఎనకే పడుకున్నారు. ఈపాటికి షాలిమార్ టేషన్లో బండి కదిలిపోయుంటాది.”

“ఏ ఊరు?”

“సెప్పలేదు. మళ్లీ ఇటు రానన్నారు.”

మేరీరాణి మీటరు తెచ్చి బల్ల మీద పెట్టింది. డెబ్బై దగ్గర గోళ్లరంగుతో ఎర్రగీత.

“నీకిమ్మన్నారు. కోపం ఎట్టుకోవద్దని సెప్పమన్నారు.”

రిత్విక్ మీటరు చేతిలోకి తీసుకున్నాడు.

“ఆయన మెకానిక్కా?”

“కాదు బాబూ,” అంది మేరీరాణి, “ఫెలిక్సు ట్యూబుల్లేని కొత్త టైర్లేయించుకున్న మర్నాడు, అలవాటు కొద్దీ నూరు గాలి కొట్టి పంపించిన వాళ్ల నాన్న.”