నాలుగో వాల్వు

“యాడున్నాడప్పా ఆ సుదర్శన్? నా బోరు నీళ్ళు పక్క తోటకు పోతాండాయి!”

చీనీ, అంటే బత్తాయి, తోట రైతు ఈశ్వరప్ప శింగనమల నుంచి బస్సులో వచ్చి, అనంతపురంలోని ఆ చిన్న ఆఫీసు గుమ్మంలోనే నిలబడి అరిచాడు. ఫోన్‌లో చెబితే తోటలో డ్రిప్ వాల్వు దానంతట అదే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ అతనికి అమ్మింది సుదర్శనే.

“రోజూ రెండో వాల్వు నాలుగు గంటలు అని పెట్టి ఊరికి పోయినా. పది దినాలకొచ్చి చూస్తే, అది నాలుగో వాల్వు రెండు గంటలు తెరుస్తాండాది! నాలుగోది మా తమ్ముడు నల్లప్ప తోటది. భాగాలైనాక దాన్ని నేను ముట్టుకోలా!”

సుదర్శన్ కోడ్ తెరిచాడు. ఒక ఫైల్లో వాల్వు పేరు ‘ఎ’, గంటల పేరు ‘బి’. ఇంకో ఫైల్లో గంటలు ‘ఎ’, వాల్వు ‘బి’. రెండు, నాలుగు తారుమారైంది అక్కడే.

“ఇవేం పేర్లు? ఏ గాడిద రాసింది దీన్ని?”

“మీరే అన్నా,” అంది పక్క సీట్లో అనుపమ, తల ఎత్తకుండా.

కోడ్‌లో పేర్లు స్పష్టంగా పెట్టాలని పోయిన నెలే ఇంజనీరింగ్ కాలేజీలో మూడు గంటలు ఉపన్యసించి, శాలువా కప్పించుకుని, ఆ ఫొటోను వారం రోజులు స్టేటస్‌లో పెట్టుకున్న మనిషి సుదర్శన్. చెవులు వేడెక్కాయి.

“రెండు దినాలు టైమియ్యి పెద్దాయనా. నేనే వచ్చి చూపిస్తా.”

ఎ, బి లను వెతికి వెతికి పీకేశాడు. వాల్వుకు ‘వాల్వ్ నంబర్’, గంటలకు ‘గంటలు’. అన్ని ఫైళ్ళలో అవే పేర్లు, అదే వరస. మూడోరోజు పొద్దున్నే బైకు మీద తోటకు పోయి, ఈశ్వరప్ప ముందే ఫోన్ నొక్కాడు. రెండో వాల్వు తెరుచుకుంది. నాలుగోది కదల్లేదు. చప్పట్లు పడతాయేమో అన్నట్టు సుదర్శన్ వెనక్కి తిరిగాడు.

ఈశ్వరప్ప గట్టు అవతలికి చూస్తున్నాడు.

“ఏం పెద్దాయనా, బాగైనట్టే గదా?”

“బాగైంది,” అన్నాడు నీరసంగా. “నిన్న నల్లప్ప ఇంటికొచ్చినాడప్పా. ఎండిపోతాన్న చెట్లు తేరుకున్యాయి, నీళ్ళిడిసింది నువ్వే గదన్నా అని కండ్లనీళ్ళు పెట్టుకున్యాడు. ఆరేండ్లయింది వాడు నాతో మాట్లాడి.”

“నువ్వేం చెప్పినావు?”

“నేనే ఇడిసినా అని చెప్పినా. ఆ తప్పు మళ్ళా పెట్టప్పా!”