వాయిదా వేసిన క్రిస్మస్

“నక్షత్రం సగం ధరకి ఇస్తావా, ఇవ్వవా?” బేకరీ మేస్త్రీ కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

“పట్టుకుపో బాబూ,” కొట్టతను మాత్రం గొంతు తగ్గించలేదు. “మొన్నటిదాకా దీనికోసం జనం కొట్టుకు చచ్చారు. ఇప్పుడు అడిగే నాథుడు లేడు. క్రిస్మస్ వెళ్ళి...”

వెనక ధడేల్మని చప్పుడైంది. మేస్త్రీ వెంట వచ్చిన కూతురి మోచెయ్యి తగిలి గంటల బుట్ట బోర్లాపడింది. కొట్టతను మాట మింగేసి, దొర్లే గంటల వెంట పడ్డాడు.

మేస్త్రీ గుండె కుదుటపడింది. బతికించావు తల్లీ, అనుకున్నాడు.

క్రిస్మస్ వెళ్ళి వారం కావస్తోంది. అది కూతురికి తెలియకూడదు.

సరిగ్గా పండగ ముందు దానికి ఆటలమ్మ పోసింది. మంచం దిగనివ్వలేదు. యజమాని ఒక్కపూట సెలవివ్వలేదు. ఊరందరి కేకులూ పొయ్యిలో పెట్టి తీసిన మనిషి పండగనాడు ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయింది. జీతం కూడా పండగ దాటాకే చేతిలో పడింది. తల్లి ఎలాగూ లేదు, పండగ కూడా లేకపోతే ఎలా? అందుకని గోడ మీది క్యాలెండరు కాగితం చింపడం మానేశాడు. “ఇంకా రాలేదమ్మా, వస్తుంది,” అని రోజూ చెప్పాడు. ఈలోగా కొట్లన్నీ ధరలు సగానికి దించాయి. ఆ దించేదేదో పండగ ముందే దించితే వీళ్ళ మేడలేం కూలిపోయేవో.

ఇవాళే పిల్ల తేరుకుంది. ఇంట్లో ఉండమంటే వినకుండా వెంటబడి వచ్చింది. అదృష్టం బాగుండి వీధిలో నక్షత్రాలు ఇంకా దించలేదు.

ఇంటి మెట్ల మీద పక్కింటి పిన్ని ఎదురైంది, వాడిన క్రిస్మస్ చెట్టు ఈడ్చుకుంటూ. మేస్త్రీ పనికి వెళితే పిల్లని చూసుకునేది ఆవిడే. విషయం చెప్పి ఒట్టు వేయించుకున్నాడు గానీ, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

“పారేస్తున్నావా పిన్నీ? నాకియ్యి.”

“తీసుకో నాయనా. ఒకవైపు ఆకంతా రాలిపోయింది. అయినా పండగ అయిపోయాక...”

“మామ్మా, నీ పొయ్యి మీద పాలు మాడుతున్నాయి,” అంది పిల్ల.

“అయ్యో నా మతి మండా,” అంటూ పిన్ని చెట్టు అక్కడే వదిలేసి పైకి పరుగెత్తింది.

నీ ముక్కు చల్లగుండ, అనుకున్నాడు మేస్త్రీ.

చెట్టు బోసి వైపు గోడకి తిప్పారు. నక్షత్రం వైరు అందక బల్ల జరిపారు. బల్ల జరిపితే మంచం అడ్డొచ్చింది. మంచం నిలబెట్టేశారు. దీపం వెలగగానే పిల్ల చప్పట్లు కొట్టి గదంతా గంతులేసింది. దాన్ని చూసి తండ్రి కూడా ఒక గంతు వేశాడు. కింది వాటావాళ్ళు కప్పు మీద కర్రతో పొడిచారు. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వారు.

చీకటి పడుతూనే బయట టపాకాయలు మోగాయి. మేస్త్రీకి ఏ అబద్ధం చెప్పాలో తోచేలోగా పిల్లే అంది: “రేపు క్రిస్మస్ కదా నాన్నా, జనం ఆగలేకపోతున్నారు.”

“అవునమ్మా, అదే,” అన్నాడు. ఎంత అమాయకురాలు, అనుకున్నాడు.

తెల్లారింది. పిల్ల కుర్చీ ఎక్కి ‘ఇరవై నాలుగు’ కాగితాన్ని తన చేత్తోనే చింపింది. మేస్త్రీ మంచం వెనక నుంచి అట్టపెట్టె లాగాడు. లోపల, రాత్రి పిల్ల పడుకున్నాక బిస్కెట్లతో కట్టిన ఇల్లు. బేకరీలో అమ్ముడుపోని బిస్కెట్లే. ఒక గది, నిలబెట్టిన మంచం, గుమ్మంలో ఇద్దరు మనుషులు.

పిల్ల వంగి, గుమ్మంలోని ఇద్దరినీ వేలితో తాకి చూసింది.

“బాగాలేదా?” అడిగాడు మేస్త్రీ.

“అన్ని క్రిస్మస్‌లలోకీ ఇదే బాగుంది.”

గుమ్మంలోంచి పిన్ని తొంగిచూస్తోంది. ఆవిడకి వినపడకుండా పిల్ల తండ్రి కాలరు పట్టుకుని కిందికి వంచి, చెవిలో గుసగుసలాడింది.

“హ్యాపీ న్యూ ఇయర్, నాన్నా.”