పక్కింటి దరువు

దీపాలకు స్విచ్చులు పోయి చెవులొచ్చిన కాలం. ఏ దరువు వినబడితే దానికే అవి వెలిగి ఆరేవి. హైమవతి ఎంత టకటకా ఉల్లిపాయలు తరిగినా వంటింటి దీపం బద్ధకంగా మిణుకుమనేది. పక్కింటి భ్రమరాంబ రోట్లో మిరపకాయలు దంచిందా, ఈ ఇంటి దీపాలన్నీ చిందులేసేవి.

ఆ సాయంత్రమూ అదే తంతు.

“మన కరెంటు తిని పక్కింటి దరువుకి ఆడతాయేంటండీ ఇవి!” అంటూ హైమవతి కిటికీలన్నీ ధడేల్‌మని మూసేసింది.

“దీపాల మీద కూడా కుళ్ళేనటే నీకు?” అన్నాడు భర్త చలపతి, కుర్చీలో కళ్ళు మూసుకునే.

రోకటి చప్పుడు లోపలికి రావడం ఆగింది. దీపాలు మాత్రం అలాగే ఆడుతున్నాయి. ఇంకా ఎక్కడ సందు మిగిలిందా అని వెతుకుతూ హైమవతి కుర్చీ దగ్గర ఆగిపోయింది.

మొగుడి మడమ అదే దరువుని నేల మీద కొడుతోంది.