శనివారం పడిపోయే అంకె

“నాన్నా, నీ షుగరు యాభై ఎనిమిదికి పడిపోయింది. ముందు జేబులో ఉన్న జ్యూసు తాగు, తర్వాత మాట్లాడదాం.”

“నాకేం కాలేదే. చెమటల్లేవు, వణుకు లేదు. సినిమా మధ్యలో ఉన్నాను, ఉంటా.”

ఫోను పెట్టేశాడు. కూతురు సగం కుట్టిన కోటుని మిషను మీదే వదిలేసి, తన ఫోను వంక చూస్తూ కూర్చుంది.

పదేళ్ళ వయసు నుంచి ఇన్సులిన్ మీద బతుకుతున్న మనిషి ఆయన. చక్కెర తగ్గిపోయి ఎక్కడంటే అక్కడ కళ్ళు తిరిగి పడిపోవడం, అమ్మ పరుగెత్తుకెళ్ళడం, కూతురి చిన్నతనమంతా అదే గొడవ. అమ్మ పోయాక ఆ కాపలా ఈమె నెత్తిన పడింది. కిందటేడు ఆయన ఎడమచేతికి, భుజానికి కాస్త కింద, బొత్తామంత సెన్సర్ అంటించారు. ఒంట్లో చక్కెర ఎంతుందో అప్పట్నుంచి ఇద్దరి ఫోన్లలోనూ కనిపిస్తోంది. మూడు నెలల సగటు దిగింది. ఒక్కసారి కూడా స్పృహ తప్పలేదు. డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా. అంతా బాగానే ఉంది, ఒక్క శనివారం తప్ప.

శనివారం సాయంత్రం నాన్న పాత సినిమాలు వేసే హాలుకి వెళతాడు. లైట్లు ఆర్పిన కాసేపటికి అంకె జారడం మొదలుపెడుతుంది. సినిమా అవగానే దానంతటదే లేచి కూర్చుంటుంది. ఆ లోపల ఈమె ప్రాణం పైకీ కిందికీ అవుతుంది.

నాన్న ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

“వచ్చేవారం నుంచి సినిమా బందు,” అంది కూతురు.

“అన్నం మానెయ్యమను, మానేస్తా. శనివారం జోలికి మాత్రం రాకు.”

“చీకట్లో నీకేదైనా అయితే పక్కవాళ్ళకైనా తెలుస్తుందా?”

నాన్న గొంతు సవరించుకున్నాడు. “తెలుస్తుందిలే.”

“అంత సినిమా పిచ్చి ఉంటే ఇంట్లో పెద్ద టీవీ ఉందిగా.”

“టీవీలో ఆ మజా ఉండదమ్మా.”

“అమ్మ ఎలాగూ పోయింది. నువ్వు కూడా పోతే నాకెవరున్నారు నాన్నా?” అంది కూతురు.

నాన్న మొహం చిన్నబోయింది. “సరే, క్లినిక్‌లో కూడా వద్దంటే మానేస్తా,” అన్నాడు.

క్లినిక్‌లో నాన్నని రక్తపరీక్షకి లోపలికి పంపి, కూతురు నర్సు ముందు ఫోను పెట్టింది.

“ఇలా పడినప్పుడు వేలు గుచ్చి చూసుకున్నారా?” అనడిగింది నర్సు.

“చూసుకున్నాడట. నూట పది ఉందట. సినిమా కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడతాడండీ.”

“అబద్ధం కాదమ్మా. సెన్సర్ ఉన్న చెయ్యి కాసేపు గట్టిగా నొక్కుకుపోతే అంకె ఉత్తుత్తినే పడిపోతుంది. బరువు తీస్తే మళ్ళీ మామూలే. ఆయన ఎడమపక్కకి తిరిగి పడుకుంటారా?”

“పడుకోవడమేంటండీ, సినిమా హాల్లో నిటారుగా కూర్చుంటేనూ.”

“అయితే గోడవారగా కూర్చుంటున్నారేమో.”

“లేదండీ, ఎప్పుడూ మధ్య వరసలో, మధ్యలో…” అంటూ ఆగిపోయింది కూతురు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే నవ్వూ వచ్చింది.

“హమ్మయ్య, భయం తీరింది కదా,” అంది నర్సు.

శనివారం సాయంత్రం నాన్న లుంగీలోనే కూర్చుని టీవీ రిమోటు అటూ ఇటూ తిప్పుతున్నాడు. కూతురు ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి ఒళ్ళో పడేసింది.

“లే నాన్నా, టైటిల్స్ అయిపోతాయి.”

“నిజంగానా?” అంటూనే సగం బొత్తాలు పెట్టేసుకున్నాడు.

“ఒక్క షరతు.”

“జ్యూసేగా? జేబులో ఉంది.”

“అది కాదు. ఆవిణ్ణి కుడిపక్కన కూర్చోమను.”