ముందు చక్రాల బ్రేకులు

కారు జాకీల మీద లేచి ఉంది. ముందు చక్రాలు రెండూ విప్పి గోడకి ఆనించాడు. విప్పిన పాత డిస్కు సాసరంత కనిపిస్తోంది, బిగించబోయేది అన్నం తినే కంచమంత ఉంది.

ఎడమవైపు ముందు తలుపు మాత్రం వేరే రంగు. కారంతా తెలుపు, అదొక్కటి బూడిద రంగు.

మూడు నెలల కింద స్కూలు వాలు దిగుతుంటే కారు ఆగలేదు. మలుపు అవతల నిలబడి ఉన్న లారీకి ఎడమవైపు తగిలింది. ఆ సీట్లో పెద్దకూతురు ఉంది.

నడిపింది అతనే. ఒంటి మీద గీత కూడా పడలేదు.

బ్రేకులు అరిగిపోయాయని మెకానిక్ అంతకుముందే రెండుసార్లు చెప్పాడు. ఇంకో నెల లాగుతాయిలే అన్నాడతను, రెండుసార్లూ.

వీధిలో అతన్ని బేరాలాయన అంటారు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని. జేబులోంచి పైసా తీయాలంటే పది షాపుల గడప తొక్కాల్సిందే. ఒకప్పుడు భార్య కూడా ఆ పేరుతోనే ఆటపట్టించేది. ఇప్పుడు ఏ పేరుతోనూ పిలవడం లేదు.

చిన్నకూతురు మూడు నెలలుగా ఇంట్లోనే ఉంది. స్కూలు అదే, రోడ్డు అదే, బస్సు లేదు. రోజూ పొద్దున్నే యూనిఫాం వేసుకుని గుమ్మంలో కూర్చుంటుంది. సోమవారం నుంచైనా పంపకపోతే ఏడాది పోయినట్టేనని స్కూలు వాళ్లు కబురు పెట్టారు.

"ఆ కారులో నా రెండో బిడ్డని ఎక్కించను" అంది తల్లి.

వేరే కారు కొనే తాహతు లేదు. అందుకే అతను ముందు చక్రాల బ్రేకుల మీద పడ్డాడు. అదే కంపెనీ పెద్ద మోడల్‌కి ఉండే బ్రేకులు తెచ్చి వేస్తే ఎంత వాలులోనైనా చెప్పినట్టు ఆగుతుందని మెకానిక్ అన్నాడు, అతని కళ్లలోకి చూడకుండా.

పాత కార్లు విప్పి అమ్మే షాపులో దుమ్ములో కూర్చుని వెతికాడు. డిస్కుల దగ్గర పాత అలవాటు ఊరుకోలేదు, గీచి గీచి బేరమాడాడు. డిస్కుని పట్టి ఆపే ప్యాడ్లు మాత్రం కొత్తవి కొన్నాడు. వాటి ధర ఎంతని కూడా అడగలేదు, చెప్పినంతా ఇచ్చేశాడు.

అన్నీ కొలిచాడు. బోల్టు రంధ్రాలు కొలిచాడు, డిస్కు మందం కొలిచాడు, కాగితం మీద బొమ్మ గీసుకున్నాడు. తీరా అంతా బిగించాక చక్రం ఎక్కలేదు. అంత పెద్ద బ్రేకు పాత చక్రం లోపల పట్టదని ఆ కొలతలరాయుడికి తట్టనే లేదు.

నేల మీద కూలబడి నవ్వాడు. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు. సిగ్గేసి గబుక్కున ఆపుకున్నాడు.

మళ్లీ షాపుకి పరుగు. నాలుగు పెద్ద చక్రాలు కావాలి, చేతిలో చూస్తే ఏమీ లేదు. షాపాయన ఇంట్లో నీళ్ల మోటారు కాలిపోయి ఉంది. రెండు రోజులు కూర్చుని దానికి తీగ చుట్టిచ్చి చక్రాలు తెచ్చుకున్నాడు.

ఇక వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడినవాళ్లకల్లా మొత్తం ఎంతలో తేల్చాడో చెప్పుకున్నాడు. జనం కూడా వింటూ తలూపారు. ఈ మూడు నెలల్లో అతనితో మాట్లాడ్డానికి వాళ్లకి దొరికిన మాట అదొక్కటే.

చివరి పని బ్రేకు పైపుల్లో గాలి తీయడం. దానికి ఇద్దరుండాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి బిగించాలి. ఇలాంటి పనులకి లోపల కూర్చునేది పెద్దకూతురే.

ఎవర్ని పిలవాలా అని అతను వీధిలోకి చూస్తున్నాడు. భార్య వంటింట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుని, డ్రైవరు సీట్లో కూర్చుంది.

"తొక్కు."

తొక్కింది.

"అలాగే పట్టుకో."

పట్టుకుంది.

"ఇక కాలు తీసెయ్."

తీసింది.

నాలుగు చక్రాలకీ అవే మాటలు. వాళ్ల మధ్య ఇన్ని మాటలు నడిచి చాలా రోజులైంది. పని ఎక్కడ అయిపోతుందోనని అతనికి బెంగగా ఉంది.

సాయంత్రం చదును రోడ్డు మీద ఒక్కడే తిరిగొచ్చాడు. పదిసార్లు వేగంగా పోయాడు, పదిసార్లు తొక్కాడు. కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవాలంటే అలా చేయాలట.

ఆదివారం పొద్దున ఆమె చెప్పులు వేసుకుని బయటికొచ్చింది.

"నేను కూర్చుంటాను. ఆ రోడ్డు మీదికే పోనివ్వండి."

ఎడమవైపు కూర్చుంది. బూడిద రంగు తలుపు తనే లాగి వేసుకుంది.

వాలు మొదలైంది.

"ఆ రోజు ఎంత స్పీడులో వచ్చారో అంతే రండి."

వచ్చాడు. మలుపు తిరిగేసరికి అప్పుడు లారీ నిలబడి ఉన్న చోటు కనిపించింది. తొక్కాడు.

కారు కిక్కురుమనకుండా ఆగిపోయింది. ఆ చోటికి ఇంకా నాలుగు కార్లు పట్టేంత జాగా మిగిలింది.

అతను పనివాడు. ఒక్క క్షణం అన్నీ మరిచిపోయి, మొహం వెలిగిపోతూ ఆమె వైపు తిరిగాడు.

ఆమె ముందు మిగిలిన ఖాళీ రోడ్డుని చూస్తోంది. నీళ్లు బుగ్గల మీదుగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"రేపు చిన్నదాన్ని తీసుకెళ్లండి" అంది.

అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. తలూపాడు.

"అన్నీ కలిపి ఎంతయింది?"

వీధంతా చాటుకున్న అంకెని స్టీరింగు వైపు చూస్తూ చెప్పాడు.

"ఏడు వేల మూడు వందలు."

ఆమె అతని వైపు తిరిగింది.

"అంతేనా?" అంది.